పడవకు నంబరు ఎవరిస్తారు? కేంద్రమా, రాష్ట్రమా

నీటిమీద తిరిగే ప్రతి మరపడవకూ రెండు రకాల కాగితాలు అవసరం. పడవ ఎవరిది, ఎంత పొడవు, ఏ ఇంజను, ఏ రేవుకు చెందినది అని చెప్పేది ఒకటి. ఆ పడవతో ఏ నీటిలో, ఏ పని చేసుకోవచ్చో చెప్పేది రెండోది. మొదటిది రిజిస్ట్రేషన్, రెండోది లైసెన్సు. లారీకి ఆర్‌సీ వేరు, పర్మిట్ వేరు అయినట్టే ఇదీను. లారీ ఓనరుకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. పడవల దగ్గరికొచ్చేసరికి చదువుకున్నవాళ్లు కూడా రెండింటినీ కలిపి ‘లైసెన్సు’ అనే అంటారు. మన దేశంలో సముద్రంలో వేటాడే పడవకు మొదటి కాగితం కేంద్ర చట్టం కిందా, రెండోది రాష్ట్ర చట్టం కిందా వస్తాయి. రెండింట్లో ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు, రెండూ ఉండాల్సిందే.

అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట మండలానికి సముద్రం లేదు. ఇక్కడ నీళ్లంటే చెరువులు, చుట్టుపక్కల కల్యాణపులోవ, కోనాం, తాండవ జలాశయాలు. కానీ 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాను విడదీసి ఏర్పాటు చేసిన అనకాపల్లి జిల్లాకు తీరం ఉంది. పూడిమడక, రేవుపోలవరం, రాజయ్యపేట లాంటి వేట గ్రామాలున్నాయి. కాస్త పైకి వెళితే విశాఖ ఫిషింగ్ హార్బర్. కాబట్టి ఈ చుట్టుపక్కలే చెరువులో తెప్ప, జలాశయంలో నాటుపడవ, తీరంలో ఫైబర్ బోటు, హార్బరులో మరబోటు అన్నీ కనిపిస్తాయి. అన్నీ పడవలే అయినా ఒక్కోదానిమీద పెత్తనం ఒక్కోరిది.

ఈ పంపకం రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలులో చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటాక జరిగే వేట మాత్రం కేంద్ర జాబితాలో 57వ అంశం. సముద్ర నౌకాయానం అదే జాబితాలో 25వ అంశం. నదులు, కాలువల్లో ఇంజను పడవల రాకపోకలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 1976 నాటి ప్రాదేశిక జలాల చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దూరం ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు దేశానికి ప్రత్యేక ఆర్థిక మండలి. పూడిమడకలో బయల్దేరిన బోటు ట్యూనా చేపల కోసం లోపలికి పోతే ఒక్క ప్రయాణంలోనే రెండు ప్రభుత్వాల అధికార పరిధుల్లో తిరుగుతుంది. నీటిమీద గీత మాత్రం ఎక్కడా కనపడదు.

కేంద్రం వైపు మూలచట్టం 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం. దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. పాత చట్టంలో ఓడల రిజిస్ట్రేషన్‌కు ఒక మినహాయింపు ఉండేది. నికర పరిమాణం 15 టన్నులు మించకుండా, భారత తీరం వెంట మాత్రమే తిరిగే ఓడకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అంతకు మించిన ఓడల వ్యవహారం ముంబైలోని డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ విభాగాలది. విశాఖలోనూ వాటి కార్యాలయం ఉంది. వేట పడవల విషయం వేరు. వాటికోసం 1983లో ఆ చట్టానికి ప్రత్యేక భాగం చేర్చారు. అలా ఎక్కడి వేట పడవైనా కేంద్ర చట్టం కిందే నమోదు కావాలన్న నియమం వచ్చింది.

చాలాకాలం అది కాగితం మీదే ఉండిపోయింది. రేవుల్లోని అధికారులు వేల తీరగ్రామాల్లో ఇసుక మీద ఉన్న పడవలను వెతికి నంబర్లు ఇవ్వడం జరిగే పని కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తనకు తోచిన పద్ధతిలో నంబర్లు ఇచ్చుకుంది. 2008 నవంబరు 26 ఈ పరిస్థితిని మార్చింది. ముంబైపై దాడి చేసిన ఉగ్రవాదులు ‘కుబేర్’ అనే గుజరాత్ వేట పడవను సముద్రంలో చేజిక్కించుకుని, దాని మీదే ముంబై దగ్గరిదాకా వచ్చారు. తీరంలో ఏ పడవ ఎవరిదో ఒకచోట చూసుకునే వీలు లేదన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసింది. 2009లో కేంద్రం రిజిస్ట్రేషన్ నియమాలను సవరించి, తీర రాష్ట్రాల మత్స్యశాఖ అధికారులనే రిజిస్ట్రార్లుగా నోటిఫై చేసింది. దేశమంతటికీ ఒకే పద్ధతిలో ఆన్‌లైన్ నమోదు కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ‘రియల్‌క్రాఫ్ట్’ అనే వ్యవస్థను తయారుచేసింది.

గందరగోళానికి మూలం కూడా అక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ కేంద్ర చట్టానిది, లైసెన్సు రాష్ట్ర చట్టానిది. ఇచ్చేది మాత్రం ఒకే మత్స్యశాఖ, దరఖాస్తు వెళ్లేది ఒకే పోర్టల్‌లోకి. బోటు యజమానికి కనిపించేది ఒకే కౌంటరు కాబట్టి ఒకే కాగితం అనుకుంటాడు. ఒక కాగితం చేతికందగానే పని అయిపోయిందని రెండోదాన్ని పట్టించుకోనివాళ్లు ఉంటారు. లైసెన్సు రెన్యువల్ మరిచిపోయి, నంబరు ఉంది కదా అన్న ధీమాతో వేటకు పోయేవాళ్లూ ఉంటారు. పరిపాలనకు ఈ ఏర్పాటు సులువే. పడవవాడికి మాత్రం తన దగ్గరున్న కాగితం ఏ చట్టానిదో తెలియకుండా పోయింది.

కొత్త బోటు కట్టించినవాళ్లకు పని యార్డు దగ్గరే మొదలవుతుంది. బోటు కట్టిన యార్డు ఇచ్చే ధ్రువపత్రం, ఇంజను బిల్లు, యజమాని ఆధార్, బోటు ఫొటోలు ఉండాలి. అప్పు మీద కొన్నదైతే బ్యాంకు కాగితాలు కూడా. తీరగ్రామంలో మొదట కలవాల్సింది సచివాలయంలోని గ్రామ మత్స్య సహాయకుణ్ని, ఆ పైన మత్స్యశాఖ అధికారిని. వాళ్లు వచ్చి టేపుతో పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. ఇంజను మీద చెక్కిన నంబరును బిల్లుతో సరిచూస్తారు. ఇంజను నంబరు గ్రీజు కింద దాక్కుని ఉంటుంది, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తేగానీ బయటపడదు. బిల్లులో ఒక అంకె తేడా ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది. సెకండ్ హ్యాండ్ ఇంజను బిగించిన బోట్లకు ఎదురయ్యే చిక్కు సాధారణంగా ఇదే.

నమోదు పూర్తయ్యాక వచ్చే నంబరులో పడవ చరిత్రంతా ఉంటుంది. మొదట దేశానికి ఐఎన్‌డీ, తరువాత రాష్ట్రానికి ఏపీ, ఆపైన జిల్లా కోడ్, పడవ రకం, చివర వరుస సంఖ్య. రకాన్ని చెప్పే రెండక్షరాలను గమనించాలి. ఎంఎం అంటే మరబోటు: లోపల బిగించిన ఇంజనుతో నడుస్తుంది, వలను లాగడానికీ యంత్రబలమే వాడుతుంది. ఎంవో అంటే ఇంజనుతో నడిచినా వేట మనుషుల చేతులమీదే సాగే పడవ. తీరగ్రామాల్లో కనిపించే ఫైబర్ బోట్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. ఎన్‌ఎం అంటే ఇంజనే లేనిది. తెడ్డుతోనో తెరచాపతోనో పోయే తెప్ప, నావ ఇందులోకి వస్తాయి. ఈ నంబరును బోటు ముందుభాగంలో రెండు పక్కలా దూరానికి కనిపించేలా రాయాలి. కోస్ట్‌గార్డు, మెరైన్ పోలీసు బోట్లవాళ్లు మొట్టమొదట చూసేది దాన్నే. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడి ఎంఎం కాస్తా ఒకే ఎం అయి కనిపిస్తే, సముద్రం మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలకు సరంగు జవాబు చెప్పుకోవాలి.

ఇక రాష్ట్రం పాత్ర. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం, దాని కింద 1995లో వచ్చిన నియమాలు ఇందుకు ఆధారం. ఎక్కడ ఎవరు వేటాడాలన్నది తేల్చేది ఇవే. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలది. మరబోట్లు ఆ గీత దాటి బయటే వల వేయాలి. 20 మీటర్లకు మించిన పెద్ద ఓడలు 23 కిలోమీటర్లు దాటాలి. వల కన్ను పరిమాణం, తాబేళ్లు తప్పించుకునే పరికరం, వేట నిషేధం లాంటివన్నీ లైసెన్సు షరతులే. ఉల్లంఘిస్తే జరిమానా, లైసెన్సు రద్దు. రిజిస్ట్రేషన్ ఎంత సక్రమంగా ఉన్నా ఈ విషయంలో కాపాడదు.

2022 జనవరిలో విశాఖ తీరంలో రింగువలల గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. అప్పుడు వాదమంతా ఈ చట్టం చుట్టూనే తిరిగింది. రింగువల వేసేవాళ్లకు 8 కిలోమీటర్ల గీత, వల కన్ను పరిమాణం ప్రధాన షరతులు. ఆ బోట్లు నమోదైనవా కావా అన్నది ఎవరూ అడగలేదు. పక్కపక్క ఊళ్ల మత్స్యకారులు, బంధువులు కూడా అయినవాళ్లు ఎదురుబొదురుగా నిలబడ్డారంటే, ఒడ్డున ఉండేవాళ్ల రోజువారీ బతుకును తాకేది లైసెన్సు షరతులేనని అర్థమవుతుంది.

వేట నిషేధం ఈ రెండు అధికారాల పొత్తుకు మంచి ఉదాహరణ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు కదలకూడదు. 12 నాటికల్ మైళ్ల లోపల ఈ ఆదేశం రాష్ట్రానిది, ఆ బయట కేంద్రానిది. తేదీలు ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. పడమటి తీరంలో అదే నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ బోట్లు ఒడ్డెక్కినా గుజరాత్ సముద్రంలో వేట సాగుతూనే ఉంటుంది.

కాగితాల విలువ మామూలు రోజుల్లో తెలియదు. నిషేధ కాలానికి రాష్ట్రం ఇచ్చే భృతి ఒకప్పుడు 10,000 రూపాయలు, 2025 నుంచి 20,000. లబ్ధిదారుల జాబితా తయారయ్యేది బోటు నంబరు ఆధారంగా. నంబరు లేని బోటు మీద పనిచేసే కళాసీ అర్హుడనిపించుకోవడం కష్టం. లీటరుకు 9 రూపాయల డీజిల్ రాయితీదీ అదే దారి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి 40కి పైగా బోట్లు కాలిపోయాయి, కొన్ని పూర్తిగా, కొన్ని సగం. రాష్ట్ర ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది. జెట్టీలో ఇనుపముక్కలు, బొగ్గు మాత్రమే మిగిలినచోట అక్కడ ఒక బోటు ఉండేదని, అది ఫలానావారిదని, ఫలానా కొలతలదని నిరూపించేది రిజిస్ట్రేషన్ కాగితమే. అప్పుడు కేంద్ర చట్టం కింద వచ్చిన గుర్తింపే రాష్ట్ర సాయానికి ఆధారమైంది.

అమ్మకాలు, కొనుగోళ్లలోనే జనం ఎక్కువగా దెబ్బతింటారు. చాలా బోట్లు నోటిమాట మీద, స్టాంపు కాగితం మీద చేతులు మారతాయి. పాత యజమాని పేరు రికార్డులో అలాగే ఉంటుంది. బోటు బాగున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు. ప్రమాదం జరిగితే పరిహారం చెక్కు పాత యజమాని పేరున వస్తుంది, తప్పు జరిగితే కేసు కూడా ఆయన పేరునే నమోదవుతుంది. అందుకే కొన్నవాడికంటే అమ్మినవాడే పేరుమార్పు కోసం ముందు తిరగాలి. వేరే రాష్ట్రానికి బోటు తరలిపోతే రిజిస్ట్రేషన్ మార్పుతోపాటు అక్కడి రాష్ట్రం దగ్గర కొత్తగా వేట లైసెన్సు తీసుకోవాలి. ఒడిశా జలాల్లో ఆంధ్ర లైసెన్సు చెల్లదు.

తీరం దాటి పనిచేసే తెలుగువాళ్ల కథలో ఈ సంగతి ఇంకాస్త స్పష్టం. 2018 నవంబరులో పాకిస్థాన్ పట్టుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు వెళ్లింది గుజరాత్ బోట్ల మీద. వాటికి రాష్ట్రం కోడ్ గుజరాత్‌ది, లైసెన్సూ అక్కడిదే, మనుషులు మాత్రం శ్రీకాకుళం వైపువాళ్లు. బోటు కాగితం ఆ మనుషుల గురించి ఏమీ చెప్పదు. వాళ్లు ఎవరో నిరూపించేది మత్స్యకారుల గుర్తింపు కార్డు, ఆధార్ మాత్రమే. 2020 జనవరిలో 20 మంది విడుదలై తిరిగొచ్చారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఈ ఉదంతమే ప్రేరణ.

12 నాటికల్ మైళ్ల బయట వేటకు చాలాకాలం సరైన నియమావళి లేదు. రాష్ట్ర లైసెన్సు అధికారం అక్కడితో ఆగిపోతుంది, కేంద్రం తరఫున అడిగేవాళ్లు ఉండేవాళ్లు కాదు. 2025 నవంబరులో కేంద్రం ప్రత్యేక ఆర్థిక మండలిలో వేటకు నియమాలు ప్రకటించింది. మరబోట్లు, పెద్ద మోటారు బోట్లు ‘యాక్సెస్ పాస్’ తీసుకోవాలి, అదీ రియల్‌క్రాఫ్ట్ ద్వారానే. సంప్రదాయ పడవలకు మినహాయింపు ఇచ్చారు. అంటే లోతు సముద్రానికి పోయే మరబోటుకు ఇప్పుడు మూడు కాగితాలు: కేంద్ర రిజిస్ట్రేషన్, రాష్ట్ర లైసెన్సు, కేంద్ర పాస్. దీనికితోడు ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లను లక్ష వేట పడవలకు ఉచితంగా అమర్చే పథకాన్ని కేంద్రం చేపట్టింది. అవి కూడా నమోదైన పడవలకే.

నదుల్లో కథ పూర్తిగా వేరు. అక్కడ మత్స్యశాఖ కాదు, నౌకాయాన చట్టం మాట్లాడుతుంది. 1917 నాటి బ్రిటిష్ చట్టం 2022 జూన్ దాకా అమల్లో ఉంది. దాని కింద ఒక రాష్ట్రంలో నమోదైన పడవ మరో రాష్ట్రంలోకి పోవాలంటే అక్కడి ఆమోదం కూడా కావాలి. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం దాన్ని తీసేసి, ఏ రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ అయినా దేశమంతటా చెల్లేలా చేసింది. చట్టం కేంద్రానిది, నమోదు చేసి సర్వే చేసేది రాష్ట్ర అధికారులు, వివరాలు చేరేది ఒకే కేంద్ర డేటాబేసులోకి. ఇంజను లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కూడా అందులో ఉంది.

ఈ చట్టం అవసరం గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు తీసిన పడవకు అనుమతే లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ నుంచి 26 మందే బయటపడ్డారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం నదిలోంచి దాన్ని పైకి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. ఆ రోజుల్లో అందరూ అడిగినది పడవకు నంబరుందా అని కాదు. వరద అంత ఉధృతంగా ఉన్నప్పుడు ఎవరు పొమ్మన్నారు అని. పర్యాటకశాఖ, జలవనరులశాఖ, పోర్టు అధికారులు, పోలీసులు నలుగురూ ఉన్నా బాధ్యత తీసుకునేవాళ్లు కనిపించలేదు. 2020లో రాష్ట్రం తొమ్మిదిచోట్ల కంట్రోల్ రూములు పెట్టి, అన్ని శాఖలవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టింది. రిజిస్ట్రేషన్ ఏ ప్రభుత్వానిదైనా, ఆ రోజు ఆ నీటిమీదికి పడవను వదలాలా వద్దా అనే నిర్ణయం రేవు దగ్గరున్న మనిషిదే.

రోలుగుంట చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టే తెప్పకు, థర్మోకోల్ బల్లకు పై కాగితాలేవీ అక్కర్లేదు. అక్కడ లెక్కలోకొచ్చేది చెరువు మీద, జలాశయం మీద వేట హక్కు ఎవరిదన్నదే.

కేంద్రం, రాష్ట్రం రెండింట్లో ఒకటి ఎంచుకునే అవకాశం నిజంగా ఉన్నది అమెరికాలో. టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబం సరదాకు బోటు కొంటే రెండు దారులుంటాయి. రాష్ట్రం దగ్గర నంబరు తీసుకోవచ్చు, లేదా కోస్ట్‌గార్డు దగ్గర ఫెడరల్ డాక్యుమెంటేషన్ చేయించవచ్చు. రెండోది అక్కడి మొదటి కాంగ్రెసు 1789లోనే తెచ్చిన పద్ధతి. ఇప్పుడు వెస్ట్ వర్జీనియాలోని నేషనల్ వెసెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ ఆ పని చూస్తుంది. దానికి రెండు షరతులు. బోటు నికర పరిమాణం కనీసం 5 టన్నులు ఉండాలి. ఇది బరువు కాదు, 100 ఘనపుటడుగులను ఒక టన్నుగా లెక్కించే కొలత. సుమారు 25 అడుగులు దాటిన బోట్లు ఇందులోకి వస్తాయి. రెండోది, యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. గ్రీన్‌కార్డు సరిపోదు, హెచ్-1బీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లకు రాష్ట్ర నంబరు ఒక్కటే దారి.

పౌరుడైనవాడు ఎంచుకోవడానికి ఆలోచించాల్సినవి బ్యాంకు, ప్రయాణం. పెద్ద అప్పు మీద కొంటే బ్యాంకులు ఫెడరల్ కాగితాన్నే అడుగుతాయి. తాకట్టు హక్కు ఆ పద్ధతిలో దేశమంతటా చెల్లే పూర్వాధికారంతో నమోదవుతుంది. బహామాస్, కెనడా వైపు పోయేవాళ్లకు పరాయి రేవుల్లో ఆ కాగితానికి గౌరవం ఎక్కువ. ఊరి చెరువులో ఆదివారాలు తిప్పే చిన్న బోటుకు రాష్ట్ర నంబరు చౌక, సులువు. రాష్ట్ర నంబరు తీసుకుంటే రెండక్షరాల రాష్ట్ర కోడ్‌తో మొదలయ్యే అంకెలను 3 అంగుళాల ఎత్తున ముందుభాగంలో రెండువైపులా అంటించాలి. డాక్యుమెంట్ చేస్తే ఆ అంకెలు అక్కర్లేదు. బోటు పేరు, రేవు పేరు 4 అంగుళాల అక్షరాల్లో బయట రాసి, అధికారిక నంబరును లోపల చెరగకుండా బిగించాలి. అలాగని రాష్ట్రం వదిలేయదు. ఫ్లోరిడా లాంటిచోట్ల డాక్యుమెంట్ అయిన బోటు కూడా రుసుము కట్టి స్టిక్కరు అంటించుకోవాల్సిందే.

5 టన్నులు దాటి అమెరికా జలాల్లో వాణిజ్యంగా చేపలు పట్టే బోటుకు, ఒక రేవు నుంచి మరో రేవుకు సరుకు మోసేదానికి అక్కడ కూడా ఎంపిక లేదు, ఫెడరల్ డాక్యుమెంటేషన్ తప్పనిసరి. సరదా బోటు పత్రాన్ని కోస్ట్‌గార్డు ఏడాదికి 26 డాలర్లకు రెన్యువల్ చేస్తుంది, ఐదేళ్లకు ఒకేసారి కట్టే వీలూ ఉంది. గడువు దగ్గరపడగానే ప్రభుత్వ ముద్ర ఉన్నట్టు కనిపించే ఉత్తరాలు కొన్ని ఇంటికొస్తాయి, వాటిలో రుసుము రెండు మూడింతలు ఉంటుంది. అవి ప్రైవేటు దళారులవి. కోస్ట్‌గార్డు వాటి గురించి తన వెబ్‌సైట్‌లోనే హెచ్చరిస్తుంది.